తోక మీద రౌతు

పూర్వం తుంగవనమనే రాజ్యాన్ని జయకేతుడు ఏలేవాడు. మృగాలను చూడటమంటే అతడికి మహా సరదా. అయితే పల్లపు అడవిలో అడుగుపెట్టినప్పుడల్లా వెంట నూరు డప్పులు మోగాల్సిందే. ఒకనాడు ఆ మోతకు తపస్సు చెడిన ముని, “ఇక నీ నోట డప్పే మోగుగాక!” అని శపించాడు.

అది మొదలు రాజు నోరు తెరిస్తే డబడబ మోతే. పొరుగు దేశపు రాయబారికి స్వాగతం చెప్పబోతే యుద్ధభేరిలా మోగింది. రాయబారి తలపాగా వదిలేసి పరుగెత్తాడు. పౌర్ణమిలోగా రాజు స్వయంగా శాంతి మాట పలకకుంటే దండెత్తి వస్తామని కబురు వచ్చింది.

మంత్రి కాళ్లావేళ్లా పడితే ముని మెత్తబడ్డాడు. “ఒంటినిండా పొలుసులుండే ఆ అలుగు జంతువు తన పిల్లను ఎక్కడ మోస్తుందో కళ్లారా చూసి వచ్చి, రాజు చెవిలో చెబితే శాపం పోతుంది” అన్నాడు.

సైనికులు కవచాలు గణగణలాడించుకుంటూ వెళ్లి, దోమకాట్లతో తిరిగొచ్చారు. చివరికి కట్టెలు కొట్టే ఓబయ్య కూతురు సింగారి బయలుదేరింది.

“నిద్దట్లో కూడా నీ నోరు మూతపడదు గదే!” అని ఓబయ్య తల పట్టుకున్నాడు.

దారిలో మొసళ్ల వాగు అడ్డొచ్చింది. మొసళ్లన్నీ ఎండ కాగడానికి ఇసుకతిన్నె ఎక్కేదాకా ఆగి, సింగారి చెట్ల కొమ్మలు పట్టుకుని అవతలికి దాటింది. అక్కడ పుట్ట వెనక తాటిచెట్టంత రాక్షసుడు బోర్లా పడుకుని ఉన్నాడు.

“ఉష్! అలుగును ఒక్కసారి చూద్దామని మూడేళ్లుగా కాచుకునున్నా. అరిచావంటే మింగేస్తా!”

సింగారి ముక్కు మూసుకుంది. “మింగుదువుగానిలే మామా, ముందు ఇటు రా. నీ కంపు గాలితోపాటు నేరుగా దాని కలుగులోకే పోతోంది. ఇక అదెందుకు బయటికొస్తుంది?”

రాక్షసుడు సిగ్గుపడ్డాడు. గాలి కలుగు వైపునుంచి తమ మీదికి వీచే చోటుకు మారి, ఇద్దరూ ఒంటినిండా బురద పూసుకుని బోర్లా పడుకున్నారు. చీమలు సింగారి ముక్కెక్కాయి. చెప్పాలనిపించిన మాటలు గొంతుదాకా వచ్చాయి. ఆమె పెదవులు బిగించింది.

పొద్దు వాలే వేళ అలుగు తల బయటపెట్టింది. సరిగ్గా అప్పుడే రాక్షసుడికి తుమ్ము రాబోయింది. సింగారి రెండు పిడికిళ్లూ అతడి ముక్కుపుటాల్లో కుక్కేసింది. అలుగు బెదరకుండా ముందుకు కదిలింది. దాని తోక మీద, లేత పొలుసుల పిల్ల రౌతులా కూర్చుని సవారీ చేస్తోంది! రాక్షసుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుమ్ము ఆపుకున్నందుకో, సంతోషానికో తెలియదు.

సింగారి పరుగున కోటకు చేరి, “తోక మీద, మహారాజా!” అని రాజు చెవిలో చెప్పింది.

“తోక మీదా!” అని రాజు మనిషి గొంతుతో కేక పెట్టాడు. మర్నాడే శాంతి మాట పలికాడు, యుద్ధం తప్పింది.

రాజు మెచ్చి సింగారిని పల్లపు అడవికి ఏలికను చేశాడు. రాక్షసుడు ఆమె సేనాపతి. ఆమె మొట్టమొదట రాజుకే బురద పూసి పొదచాటున కూర్చోబెట్టింది. రోజంతా కూర్చుంటే ఆయనకు కనబడింది ఒక్క ముంగిస. అయినా ఆ ఏడాది పొడుగునా కొలువులో ఆ ముంగిస ముచ్చటే!