సగంలో తెగిన సహానా

వర్తూరు చెరువు కట్ట దిగగానే మూతబడిన కల్యాణ మంటపం ఒకటి ఉండేది. దాని ఓనర్లయిన అన్నదమ్ములు కోర్టుకెక్కి తాళం వేయించారు. తాళానికి తుప్పు పట్టేలోపే మంటపానికి చెడ్డపేరు అంటుకుంది — చీకటి పడితే లోపల సన్నాయి వినిపిస్తుందని.

పెళ్లి పాట కాదు. ఉత్త ఆలాపన... నిదానంగా, ఒక్కో స్వరాన్నీ వదల్లేక వదులుతున్నట్టు.

విన్నవాళ్లు చాలామందే. పాల అశ్వత్థప్ప విన్నాడు. క్యానుతో పరిగెత్తాడు గానీ పాలు దారిలోనే దిగిపోయాయి. సాఫ్ట్‌వేర్ చైతు విన్నాడు. బైకు ఉన్నదన్న సంగతి ఇల్లు చేరాక గుర్తొచ్చింది. చివరిదాకా నిలబడి విన్న మగాడు మాత్రం ఊళ్లో లేడు.

"అది వెంకటగిరియప్పే," అని తేల్చింది పూల చెన్నమ్మ. ఆమె తేల్చాక ఇక అప్పీలు లేదు.

సన్నాయి వెంకటగిరియప్ప పోయి ఏడాది దాటింది. బతికినన్నాళ్లూ అతని పక్కన డోలు వాయించిన ఆవులప్ప ఆ మాట పక్కింటాయన చెప్పగా విని, తింటున్న కంచం పక్కకు జరిపాడు.

"ఏం రాగమంట?"

"దెయ్యానికి రాగమేందప్పా! ఏడుపు మాదిరి ఉండాది."

సహానా... అనుకున్నాడు ఆవులప్ప.

ఇద్దరూ కలిసి వాయించిన ఆఖరి పెళ్లి ఆ మంటపంలోనే. ముహూర్తానికి ఇంకా టైముందని వెంకటగిరియప్ప సహానా ఎత్తుకున్నాడు. అంత నిదానంగా ఎన్నడూ వాయించలేదు. వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. రాగం కొసకు చేరుతుండగా పురోహితుడు వేలు ఆడించాడు — గట్టిమేళం! తాళి కట్టేవేళ ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ వినబడకుండా డోలు మోగాల్సిందే. ఆవులప్ప చేతులు ఆ వేలికి అలవాటుపడ్డవి. మోదేశాయి.

వెంకటగిరియప్ప సన్నాయి దించాడు. "ఒక్క ఊపిరి ఆగుంటే అయిపోయేది కదప్పా," అన్నాడు. ఆ వారమే ఆసుపత్రి. తర్వాత ఆ ఊపిరి కూడా లేదు.

దెయ్యమైతే దెయ్యం... ఆ కొస వినాలి.

దీపాలు పెట్టేశాక ఆవులప్ప ఒక్కడే వెళ్లి మంటపం మెట్ల మీద కూర్చున్నాడు. చెరువు కంపు. దోమలు. ఎంతసేపటికో —

మొదలైంది.

అతనే. గాంధారం మీద నిలిచి, వణికి, జారే ఆ తీరు ఇంకెవరికీ లేదు. ఆవులప్ప కళ్లు నిండాయి.

"వాయించప్పా..." గుసగుసగా అన్నాడు. "ఈసారి నేనేమీ చేయను... వాయించు."

రాగం పైకి పోతోంది... ఇంకాస్త... ఆ చోటికే వచ్చింది —

దబదబమని డోలు!

ఆవులప్ప ఉలిక్కిపడి తన చేతులకేసి చూసుకున్నాడు. ఒళ్లోనే ఉన్నాయి.

లోపల టక్కుమంది. డోలు ఆగింది. తలుపు కిర్రుమని, టార్చిలైటు మొహాన పడింది. కోర్టువాళ్లు కొత్తగా పెట్టిన వాచ్‌మన్ తిరుపాలు.

"ఎవరప్పా?"

"ఆ... సన్నాయి?"

"ఏదో పెళ్లి క్యాసెట్టప్పా, ఆఫీసు రూములో వదిలేసి పోయినారు. నిద్ర రాకుంటే ఏసుకుంటా. ఆ డోలోడు వచ్చేదాకా భలే ఉంటాది."

ఆవులప్ప మళ్లీ తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఇంకోసారి ఏస్తావా?"

తిరుపాలు టేపు వెనక్కి తిప్పాడు. సహానా మళ్లీ మొదలైంది. ఆవులప్ప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు.