కాస్తన్యుయేల చీటీ

ఎవులోజియోను మంగళవారం మధ్యాహ్నం అల్హెసీరాస్ రేవులో కాల్చి చంపారు. ప్రపంచయుద్ధం మొదలై అప్పటికి మూడేళ్లు. అతని తుపాకీ, గడియారం జేబులోనే ఉన్నాయి. పోయింది చీటీల కట్ట ఒక్కటే.

"మాటల చీటీల కోసం మనిషిని చంపుతారా?" అన్నాడు బల్దొమేరో.

"కోడ్ అనుకునుంటారు," అన్నాడు చీఫ్. "నిజంగానే నిఘంటువు రాస్తున్నాడంటే మనమే నమ్మలేదుగా."

బల్దొమేరో, ఎవులోజియో ఇద్దరూ ఏజెంట్లు, పదేళ్ల స్నేహితులు. గూఢచర్యం ఎవులోజియోకి ఉద్యోగం. ఏ మాట ఎలా పుట్టిందో వెతకడం అతని ప్రాణం.

"రేపు ఏడింటి పడవలో మూడొందలమంది కూలీలు జిబ్రాల్టర్‌లోని బ్రిటిష్ నౌకాస్థావరానికి పనికెళ్తారు. అందులో శత్రువులు బాంబు పెడతారట. ఎవరు తెస్తారో తెలీదు. నువ్వు కస్టమ్స్ గుమాస్తా వేషంలో పెట్టెలు చూడు. ఏడుపు తర్వాత," అన్నాడు చీఫ్.

పొద్దున ఆరూ యాభైకి ఒడీలియా అనే నాట్యగత్తె పెట్టెతో వచ్చింది. కూలీలు ఈలలేశారు.

"మీ ఆవిడలకి చెప్తానుండండి!" అంది ఆమె నవ్వుతూ.

పెట్టె నిండా కాస్తన్యుయేలలు. నాట్యంలో వేళ్లతో మోగించే చెక్క చిడతలు.

"మా తాత చేసినవి. త్వరగా చూడవయ్యా, పడవ పోతుంది."

"ఆ పేరెలా వచ్చింది తల్లీ?"

ఎవులోజియో ఉంటే అడిగేవాడు. అందుకే బల్దొమేరో అడిగాడు.

"అదీ తెలీదా? అరసేనా కొండల్లో ఒక వితంతువు, భర్త శవపేటికకి కొట్టించిన కాస్తాన్య చెట్టులో మిగిలిన చెక్కతో మొదటి జత చేసిందట."

బల్దొమేరో చెయ్యి ఆగిపోయింది.

కాస్తాన్య అంటే చెస్ట్‌నట్ కాయ. ఆ రెండు చిప్పలూ కాయ బద్దల్లా ఉంటాయి కాబట్టి ఆ పేరు. చేసేవాళ్లింట్లో ఏ పిల్లనడిగినా చెబుతుంది. వితంతువు కథ బల్దొమేరోదే. పోయిన నెల సారాకొట్లో ఆ పేరెలా వచ్చిందని ఎవులోజియో ప్రాణం తీస్తుంటే అప్పటికప్పుడు అల్లేశాడు. స్నేహితుడు అక్కడే చీటీ మీద రాసుకున్నాడు. ఆ కథ ఆ చీటీలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆమె మణికట్టు పట్టుకుని, పెట్టె అడుగు పలక పీకాడు. కింద టైమర్. ఇంకో పావుగంట ఉండగా తీగ తెంపాడు. కూలీలకు ఏమీ తెలియదు. పడవ కూత వేసి కదిలింది.

"ఒడీలియా మన మనిషే అనుకున్నాం, శత్రువులకి పనిచేస్తోంది," అన్నాడు చీఫ్, ఆమె గదిలో దొరికిన కట్ట అందిస్తూ. "నీ అబద్ధం మూడొందలమందిని కాపాడిందోయ్."

బల్దొమేరో ఆ చీటీ వెతికి తీశాడు. కథంతా పొందికైన అక్షరాల్లో ఉంది. చివర ఇంకో వరుస: 'చెప్పినవాడు బల్దొమేరో. నమ్మదగినవాడు.'

ఈ ఆదివారం కలిసినప్పుడు చెబుదామనుకున్నాడు. అది అబద్ధమని ఎవులోజియోకి చెప్పనే లేదు.