పనస మలుపు కాడ ఫుడ్ ట్రక్

మా అరకు రోడ్డులో పనస మలుపు దగ్గర ఎవ్వడూ బండి ఆపడు. ఆపితే పొగమంచులోంచి ఓ ముసలమ్మ గొంతు అడుగుతాదట — "ఏటి తెచ్చావు?" ఆకలితో పోయిన మనిషి, తిండి కోసమే తిరుగుతాదని అంటారు. ఇన్నేళ్ళుగా జీపు తోలుతున్నాను, అక్కడ హారన్ కూడా కొట్టను. భయం కాదు... మర్యాద.

అలాంటి చోట మా ఊరి కనక ఫుడ్ ట్రక్ పెట్టింది! చెవి కమ్మలు తాకట్టు పెట్టి, మిగతాది ఫైనాన్స్‌లో తీసుకుని పాత వ్యాన్ కొంది. బొంగు చికెన్ అమ్ముతుంది. మంచి జాగాలన్నీ ఎవరో ఒకరు పట్టేశారు, ఇక్కడైతే పోటీ లేదంది. పోటీ లేదు నిజమే, బేరమూ లేదు. వాయిదాలు తప్పాయి. వ్యాన్ పోతే కనక బతుకు మళ్ళీ కూలి పనికే.

ఇక్కణ్ణుంచి తాతారావు నాతో చెప్పిందే చెప్తున్నాను. ఫైనాన్స్ మనిషి, కింద అనకాపల్లి వైపువాడు. కనక కోళ్ళు కొనడానికి సంతకెళ్ళే రోజు చూసుకుని, సాయంత్రం పూట వ్యాన్ పట్టుకుపోదామని వచ్చాడు. డ్రైవర్ పాడేరు నుంచి రావాలి. రాలేదు. మంచు దిగింది, చలి... కనక పొయ్యిలో నిప్పులింకా ఉన్నాయి. పక్కనే పచ్చి వెదురు బొంగులు పేర్చి ఉన్నాయి. మహానుభావుడు నాలుగు తీసి పొయ్యిలో పడేసి, చేతులు కాచుకుంటూ కూచున్నాడు.

కాసేపటికి...

ఢాం!

లేచి చూశాడు. ఎవరూ లేరు.

ఢాం! ఢాం! నిప్పులు నెత్తి మీదికి ఎగిరాయి. పరిగెత్తి వ్యాన్ వెనక నక్కాడు. అంతా నిశ్శబ్దం... అప్పుడు చెవి పక్కనే, మెల్లగా —

"ఏటి తెచ్చావు?"

ఒంటి చెప్పుతో వచ్చి నా జీపుకి అడ్డం పడ్డాడు. "పోనీ అన్నా! బేగి పోనీ!" అంటూ ఎక్కి కూచున్నాడు. వెంట తెచ్చుకున్న వ్యాన్ మారుతాళం కూడా అక్కడే పారేసుకున్నాడు.

మర్నాడు కనకకి చెబితే పడీపడీ నవ్వింది. "రెండు పక్కలా కణుపు మూసున్న బొంగు నిప్పుల్లో ఎడతారేటి? పేలిపోదా! మా సిన్న గుంటలనడిగినా సెప్తారు."

తాతారావు నోరు ఊరుకుంటుందా? ఊరూరా చెప్పాడు. వైజాగ్ కుర్రాళ్ళు దెయ్యాన్ని చూడ్డానికి కార్లేసుకుని దిగారు. దెయ్యం కనబడలేదు, ఆకలేసింది, బొంగు చికెన్ తిన్నారు. ఆ సీజన్‌లోనే కనక బాకీ వాయిదాలు కట్టేసింది, కమ్మలు మళ్ళీ చెవులకెక్కాయి. నాకెంత సంతోషమైందో! ఇప్పుడు తాతారావూ తినడానికి వస్తాడు... మిట్టమధ్యాహ్నం మాత్రమే.

మొన్న అడిగాను. "కనకమ్మా, పేలింది బొంగే. మరి ఆ గొంతు నీదేనా?"

నవ్వు ఆపేసింది.

"నాను సంతలో ఉన్నాను కదన్నా." గొంతు తగ్గించింది. "ఈ యాను బండి పెట్టిన కాడి నుంచీ రోజూ మొదటి బొంగు ఆ పనస సెట్టు మొదట్లో ఎడతన్నాను. తెల్లారేసరికి కాళీ."

"కుక్కలు తినేసుంటాయిలే."

"నానూ అదే అనుకున్నాను..." అంది. "మరి కుక్కలు బొంగు కడిగి బోర్లిత్తాయేటన్నా?"