కాగితాలు తిప్పే చాదస్తం

పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని మరీ టీవీ ముందు కూర్చున్న భర్తను చూస్తే ఆమెకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ఉదయం వార్తలు చదివింది తను. ఇవాళ అదే చానల్లో, అదే కుర్చీలో కూతురు మొదటిసారి చదువుతోంది.

"కాఫీ చల్లారిపోతోంది."

"ఉండవే, అమ్మాయి వచ్చే వేళయింది."

"నా వార్తలప్పుడు వంటింట్లో గిన్నెలు తోమేవారట కదా! అమ్మాయే చెప్పేది. అప్పుడు లేదా ఇంట్లో టీవీ?"

ఆయన టీవీ శబ్దం పెంచాడు.

తెర మీద కూతురు నవ్వింది. కుర్చీ పరాయిదానికి పోయుంటే నోరారా తిట్టుకునేది. కన్నకూతురాయె, మింగలేక కక్కలేక చస్తోంది.

కెమెరా దగ్గర కదిలే అక్షరాలు చూసి చదివేయడమే ఇప్పటి పద్ధతి. ఆమె మాత్రం చదువుతూనే బల్లమీద అవే వార్తలున్న కాగితాలు కూడా వరసగా తిప్పేది. స్టూడియోలో అందరూ నవ్వేవారు. నిన్న కూతురూ నవ్వింది.

"ఇంకా కాగితాలేంటమ్మా!"

"నీ ఇష్టం తల్లీ" అని ఊరుకుంది. ఎందుకు నచ్చజెప్పలేదో ఆమెకు తెలుసు.

రెండో వార్త మధ్యలో కూతురి మాట ఆగింది. అక్షరాలు నిలిచిపోయాయని తల్లికి ఇట్టే అర్థమైంది. పడనీ, అనుకుంది. అనుకోగానే ఒళ్లో ఉన్న కుడిచెయ్యి దానంతటదే కాగితం తిప్పినట్టు కదిలింది.

"కిందికి చూడవే! కాగితం చూడు!"

కూతురు తల దించింది. కాగితం సరిగ్గా ఆ వార్త దగ్గరే ఉంది. తడబడకుండా అందుకుంది.

"గట్టెక్కిందా?" వంటింట్లోంచి భర్త గొంతు.

"అక్కడికెప్పుడు పారిపోయారు?"

"నీ వార్తలప్పుడూ ఇంతేగా. ఎక్కడ తడబడతావోనని చూడలేకపోయేవాణ్ణి. కుళాయి కట్టేసి వినేవాణ్ణి. దీనికి నువ్వు నేర్పావు కదా, ధైర్యంగా చూడొచ్చనుకున్నా."

ఆమెకు దుఃఖం తన్నుకొచ్చింది. "అది పడిపోతే బాగుణ్ణనుకున్నానండీ. కన్నతల్లిని!"

"అరిచిందీ నువ్వేగా. వీధి చివరిదాకా వినిపించింది."

వార్తలవ్వగానే ఫోన్ మోగింది.

"చూశావా అమ్మా? నిన్న నవ్వాను గానీ, మొదటినుంచీ తిప్పుతూనే ఉన్నా."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"చూశాను. తిప్పుతుంటే చప్పుడొస్తోంది. ఇంటికి రా, నేర్పుతా."