మూడు మిల్లీల పాలు

పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. పాండిసెల్వి చిన్న స్టీలు గిన్నెనూ దాని మూతనూ అందులోంచి పటకారుతో తీసి, ఉతికిన గుడ్డ మీద బోర్లించింది. పక్కన ఐసుముక్కల డబ్బా సిద్ధంగా ఉంది. ఈ పని మొదలుపెట్టి ఇవాళ్టికి ఐదు రోజులు.

ఆమె బిడ్డ ఇరవై ఏడో వారంలోనే పుట్టింది. బరువు తొమ్మిది వందల గ్రాములు. విరుదునగర్ ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. సెల్వికి జ్వరం, దగ్గు పట్టుకోవడంతో తగ్గేదాకా వార్డులోకి రావద్దని కోవిల్‌పట్టిలోని ఇంటికి పంపించారు. పాలు మాత్రం పంపమన్నారు. ఇంత ముందుగా పుట్టిన పిల్లలు ఇప్పుడు చాలామంది బతుకుతున్నారనీ, ఈ బిడ్డ విషయం మాత్రం ఏ రోజుకారోజు చూడాల్సిందేననీ నర్సమ్మ చెప్పింది. సన్నటి గొట్టంతో పూటకు రెండు మిల్లీల పాలు పోస్తూ వచ్చారు. రోజూ పాలు పట్టుకెళ్లే మొగుడు సెందిల్‌కుమార్‌కు ఇవాళ అగ్గిపెట్టెల కంపెనీలో సెలవు దొరకలేదు. అమ్మను పంపించమని పెళ్లాంతో చెప్పి పనికి వెళ్లిపోయాడు.

ఆ అమ్మ, సెల్వి అత్త నాగమ్మాళ్, బిడ్డ పుట్టిన ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇరుగుపొరుగు అడిగితే కోడలికి ఒంట్లో బాగాలేదని చెప్పింది కానీ, మనవరాలు పుట్టిందని ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు బజారు నుంచి వచ్చి ఆకు పొట్లం విప్పి గట్టు మీద పెట్టింది. అన్నీ విడి మల్లెమొగ్గలు. అవెందుకో సెల్వికి తెలుసు. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకిపోవడానికి రొమ్ముకు కడతారు.

“నా బిడ్డ సావలేదత్తా.”

“సచ్చిందని నేను సెప్పలే. అరచేతంత ఉండాదంట. ఇప్పుడే కట్టుకుంటే మంచిది పిల్లా. తర్వాత నువ్వు తట్టుకోలేవు.”

“మీకెట్లా తెలుసు? మీరు దాన్ని చూసింది కూడా లేదే.”

నాగమ్మాళ్ గోడకు ఆనుకుని కూర్చుంది.

“సెందిల్‌కు ముందు ఒకడు పుట్టినాడు. ఏడో నెల. ఈ ఇంట్లోనే. పాలు పీల్చడానికి నోట్లో బలం లేదు. రెండు దినాలు ఉండి పోయినాడు. వాడు పోయినాక కూడా నాకు పాలు కారతానే ఉండె. ఎన్ని కోకలు మార్చినా తడిసిపోయేవి. మా అమ్మ ఇవే తెచ్చి కట్టింది.”

ఈ మాట సెందిల్‌కు కూడా తెలియదు. ఇంతసేపూ తనను ఏడిపించడానికే పూలు తెచ్చిందని సెల్వి అనుకుంది. పిండి పెట్టిన పాలను ఆరిన గిన్నెలోకి ఒంపి, మూత బిగించి, అత్త ముందు పెట్టింది.

“ఆ పొద్దు గొట్టం లేదత్తా. ఇప్పుడుండాది. రెండు మిల్లీలు అరిగించుకునిందని, నిన్న సాయంత్రం నుంచి మూడు పోస్తా ఉండారంట.”

“మూడా?”

“మూడు.”

నాగమ్మాళ్ ఆ గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత లేచి, మల్లెమొగ్గలను పక్కకు జరిపి, గిన్నెను ఐసు మధ్యన కుదురుగా పెట్టింది. డబ్బాను సంచిలో దించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. సంచిని రెండు చేతులతో రొమ్ముకు హత్తుకుని, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది.