లెక్కలో లేని వంద వాట్లు

విశాఖలో పొయ్యి కొనాలన్నా, పడవ ఎక్కాలన్నా ఇప్పుడు జనం ముందు అడిగే మాట ఒకటే: "సాక్షి ఒప్పుకుందా?" కొత్త ఇంధనాల మీద దేశమంతా కొట్లాడుకుని అలసిపోయాక వచ్చిన గది ఉష్ణసాక్షి. లోపల ఏ యంత్రం పెట్టినా, గోడల గుండా బయటికి పోయే వేడినంతా కొలిచి, ఇచ్చిన కరెంటుతో సరిచూస్తుంది. దాని తీర్పుకు తిరుగులేదు.

వరాహమూర్తి మాత్రం గెలుస్తాననే వచ్చాడు. తను కనిపెట్టిన మంట లేని శీతకుంపటి, తీసుకున్న కరెంటు కన్నా వంద వాట్ల వేడి ఎక్కువే ఇస్తుందని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాడు. ఇంట్లో కట్టుకున్న చిన్న కొలతగదిలో ప్రతిసారీ ఆ అదనం కనిపించింది. ఇక్కడ ఉదయం నుంచీ సున్నా.

"ఇక్కడ మా ఇంటి పరిస్థితులు లేవమ్మా," అన్నాడు పరీక్షాధికారిణి ఫరీదాతో. "బల్ల, కుర్చీ, పాత ఫ్యాను అన్నీ తెప్పిస్తాను. మళ్ళీ చూడండి."

"తప్పకుండా సార్. ఇంట్లో కొలిచేటప్పుడు గదిలో ఎవరుంటారు?"

"నేనొక్కణ్ణే. నా ఒంటి వేడి వంద వాట్లూ తీసేసే లెక్క కట్టాను. ఆ మాత్రం తెలీదేటి?"

గుమ్మం దగ్గర కూర్చున్న ఆయన భార్య సువర్చల తలెత్తింది. ఊరుకుంటే ఆయన మిగతా జీవితమంతా ఆ అదనాన్ని వెతుక్కుంటాడు. చెబితే శీతకుంపటి కథ ఇక్కడితో సరి. అయినా చెప్పింది.

"మరి నేను లేనేటండీ?"

"నువ్వేటి మధ్యలో?"

"రోజూ మీ వెనకాల పీటేసుకుని బియ్యం ఏరుకునేదాన్ని కదా. తలుపు తీస్తే కొలత చెడిపోద్దని మీరే కదలనిచ్చేవారు కాదు. నాకూ ఒంట్లో వేడుంటాది కదండీ."

మూర్తి కోపం తెచ్చుకోబోయాడు, కుదరలేదు. లెక్కల్లో గట్టివాడు కనుక వెంటనే అర్థమైంది. ఫ్యాను రెక్కల రాపిడి దాకా అన్నీ లెక్కగట్టాడు గానీ, అందులో ఆమె ఎక్కడా లేదు.

ఉష్ణసాక్షి నిబంధన ప్రకారం గోడలోని గొంతుతో అడిగింది: "ఇంటి కొలతల్లోని అదనపు ఉష్ణానికి మూలం ప్రకటించండి."

"మా ఆవిడ," అన్నాడు మూర్తి, అందరికీ వినబడేలా.

"ఆ పేరుతో ఏ ఇంధనమూ నమోదు కాలేదు. మూలం తెలియదని రాయమంటారా?"

"వద్దు," అంది సువర్చల, మూర్తి నోరు తెరిచేలోపే. "సువర్చల అని రాసుకో."