తడి ఆరని రూపాయి

నాణేలు దాచడమంటే సీసాలో పోసి మూత పెట్టడం అనుకుంటారు జనం. ఆమదాలవలసలో గోనెసంచుల కొట్టు నడుపుకునే బంగారురాజుకి ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. రాగి పక్కన వెండి పెట్టకూడదు. ప్లాస్టిక్ కవర్లో మూసిపెడితే రాగికి పచ్చటి చిలుము పడుతుంది. రబ్బరు బ్యాండు చుడితే వెండి నల్లబడి చస్తుంది. అందుకే కొట్టు వెనక గదిలో ఏ లోహానికి ఆ డబ్బా, ఒక్కో నాణేనికి ఒక్కో అట్టముక్క గూడు, ప్రతి డబ్బాలోనూ తేమ పీల్చే పొట్లాలు. పెళ్ళైన కొత్తలో పట్టిన పిచ్చి, జుట్టు నెరిసినా వదల్లేదు.

ఇన్నాళ్ళకి విజయనగరంలో నాణేల ప్రదర్శనకి పిలుపొచ్చింది. ఆదివారమే. మొదటిసారి నలుగురూ తన డబ్బాలు చూడబోతున్నారు. సరిగ్గా అప్పుడే దాపురించింది ఈ దరిద్రం.

శ్రీముఖలింగం దగ్గర వంశధార ఏటి ఇసక జల్లెడ పట్టి నాణేలు ఏరుకునే గంగులు అమ్మిన పాత వెండి రూపాయి అది. అది వచ్చిన రోజు నుంచీ వెండి డబ్బా తెరిస్తే చాలు, లోపలంతా తడి. పొట్లాలు మార్చాడు. నానిపోయాయి. డబ్బా మార్చాడు. అడుగున ఇసక! ఏం పాపం చేశాడని ఈ గోల?

"ఒసే, నువ్వు గాని కడిగినావేటి?" అని పెళ్ళాం మీద ఎగిరాడు.

"మీ సిల్లర నానెందుకు ముట్టుకుంటానండీ? అన్నానికి లేవండి ముందు," అంది కన్యాకుమారి.

శనివారం మధ్యాహ్నం ఆ రూపాయి రాగి డబ్బాలో కనిపించింది. మూత బిగించినట్టే ఉంది. రాగి కానులన్నీ పాచిపట్టిన రాళ్ళలా పచ్చబడిపోయాయి. ఏళ్ళ తరబడి కన్నబిడ్డల్లా చూసుకున్నవి. బంగారురాజుకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కోపమై గంగులుకి ఫోన్ కొట్టించింది.

"ఒరే గంగులూ, ఏటిరా నాకు అంటగట్టినావు?"

అవతల గంగులు గొంతు తగ్గించాడు.

"ఎక్కడ దొరికిందో నువ్వు అడగనేదు కద బాబూ... అది పడవరేవు కాడ దొరికింది కాదు. బూడిద కలిపే సోట దొరికింది. శవం నుదుట ఎట్టిన రూపాయి అది. పొడిగా ఉంచితే ఊరుకోదు. ఇప్పుడే ఎల్లి ఏట్లో ఇసిరేయ్."

"రేపు ప్రదర్శన ఎట్టుకుని ఇసిరేయమంటావా? బుర్రుందా నీకు?" ఫోన్ పెట్టేశాడు.

ఆ రూపాయిని ఒక్కదాన్నే ఇనప్పెట్టెలో వేశాడు. చేతికందిన పొట్లాలన్నీ దాని మీద కుమ్మరించి తాళం వేశాడు. "ఇప్పుడెలా తడుస్తావో సూస్తాను!" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

బయట వాన పట్టింది. మబ్బు కమ్మి గది చీకటైపోయింది. కరెంటు పోయింది. గోనెసంచుల వాసన వెనక నుంచి మరో వాసన మెల్లగా వచ్చింది. తడి ఇసక. వాడిన బంతిపూలు. కాలిన నెయ్యి.

ఎక్కడో నాణెం పడింది.

గచ్చు మీద దొర్లుతోంది... గుండ్రంగా, తీరిగ్గా... గుమ్మం దాటింది... ఆగింది.

బంగారురాజు ఫోను లైటు వేసి ఇనప్పెట్టె తెరిచాడు.

రూపాయి లేదు.

పొట్లాలు పొడిగా ఉన్నాయి. వెండి డబ్బా చూశాడు. పొడి. రాగి కానులకి చిలుము లేదు, కొన్ననాటిలాగే ఎర్రగా ఉన్నాయి. పోయింది! పీడ విరగడైంది! సిగ్గులేకుండా నవ్వొచ్చిందాయనకి. రేపటి ప్రదర్శన దక్కింది. ఈ మాట ముందు కన్యాకుమారికి చెప్పాలి.

"ఏమే, ఇన్నావా?" అంటూ గుమ్మం దాటి, ఆ వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళాడు.

చాప మీద పడుకుని ఉంది. ఎప్పుడూ తూర్పుకి తలపెట్టుకునే మనిషి, ఇవాళ శవానికి పెట్టినట్టు దక్షిణానికి పెట్టుకుంది. వెల్లకిలా, కదలకుండా. నుదుటి మధ్య ఆ రూపాయి. దాని అంచు నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి దిగుతున్నాయి.

"కుమారీ..."

రూపాయిని గోరుతో లేపబోయాడు. రాలేదు. చర్మంలోకి దిగిపోయి ఉంది.

ఆమె కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"తియ్యకండీ... సల్లగున్నాది."

ఫోను చేతిలోంచి జారి, దాని లైటు ఆమె పాదాల మీద పడింది. కాళ్ళ బొటనవేళ్ళు రెండూ కలిపి ఎవరో తడి దారంతో కట్టారు. ఆయన చూస్తుండగానే ముడి ఇంకాస్త బిగిసింది.